చారు కాచే ఇంట్లో బ్లడీ మేరీకి సాసు సీసాలు ఎందుకు?

వోడ్కా, టమాటా రసం కలిపే బ్లడీ మేరీని ఇంట్లో చేసుకోవాలంటే ఏయే సాసులు కొనాలి, విశాఖపట్నంలో అవి ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు. సిరిపురం వైపు పెద్ద దుకాణాల్లో వెతికితే అన్నీ దొరుకుతాయి. కానీ నన్నడిగితే కొనవద్దంటాను. నేను మూడు సీసాలు కొన్నాను. వాటిలో రెండు ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు అరలో నిలబడి మా ఆవిడ చేత తిట్లు తింటున్నాయి.

ముందు నా కడుపుమంట చెప్పుకోనివ్వండి. ఈ పానీయం మొదటిసారి తాగింది బీచ్ రోడ్డులో ఒక హోటల్లో. ఎర్రగా, అందంగా తెచ్చి పెట్టారు. నోట్లో పోసుకుంటే సమోసాకు ఇచ్చే టమాటా సాసులో నీళ్లు కలిపి, పైన ఇంత వోడ్కా పోసినట్లుంది. తీపి! కారంగా, పుల్లగా, ఉప్పగా ఉండవలసినది తియ్యగా ఉంటే ఎలా? అడిగితే "అందరూ ఇలాగే ఇష్టపడతారండీ" అన్నాడు ఆ కుర్రాడు. ఆ "అందరూ" ఎవరో నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. ఆ బిల్లుతో మా ఇంటికి నెలకు సరిపడా టమాటాలు వచ్చేవి.

మా బావమరిది సరుకు ఓడల మీద ఇంజనీరు. వాడికి ఇది విమానంలో అలవాటైంది. విమానంలో అమృతంలా ఉంటుంది బావా, నేల మీద ఎందుకో ఆ రుచి రాదు అంటాడు. దానికి కారణం లేకపోలేదు. పెద్ద శబ్దంలో కూర్చున్నవాడి నాలుకకు తీపి తగ్గి, మాంసం పులుసులోనూ పండిన టమాటాలోనూ ఉండే ఆ కమ్మటి రుచి పెరుగుతుందని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో తేల్చారు. అయితే మిక్సీ పక్కన కూర్చుని తాగుదామా అన్నాను. మిక్సీ సంగతి నిజంగానే వచ్చింది, చెబుతాను.

వాడు సంక్రాంతికి వచ్చాడు. పండుగలకు అత్తయ్యగారు మా ఇంట్లోనే ఉంటారు. ఆమె ముందు మేమిద్దరం మందు మాట ఎత్తము. సీసా బీరువాలో పట్టుపంచెల కింద ఉంది. ముక్కనుమ నాడు పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్లి రెండు కిలోల టమాటాలు తెచ్చాను. జనవరి కాబట్టి చవక. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు చారుకే చింతపండుతో సరిపెట్టుకున్నాము.

వంటింట్లో ఎవరూ లేని సమయం చూసి టమాటాలను ఉడకబెట్టకుండా తొక్కతో సహా మిక్సీలో వేసి తిప్పాను. టీ వడబోసే జల్లెడలో వడగట్టాను. నిమ్మరసం పిండి, ఉప్పు, మిరియాల పొడి వేసి, కొన్న సీసాల్లోని వూస్టర్‌షైర్ అనే ఇంగ్లండు సాసు రెండు చెంచాలు పోశాను. సెలెరీ అనే ఆకుకూర గింజలు కలిపిన ఉప్పు కావాలని ఎక్కడో చదివాను, అది లేదు కాబట్టి వాము నలిపి వేశాను. గాజు జగ్గులో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, ఐసు కోసం ఇద్దరం బయటికి వెళ్లాము.

తిరిగి వచ్చేసరికి జగ్గు కడిగి, గట్టు మీద బోర్లించి ఉంది. అంచు నుంచి నీటి చుక్కలు ఇంకా జారుతున్నాయి. ఇల్లంతా ఇంగువ పోపు వాసన. బావమరిది నా చెవిలో అడిగాడు: "బావా, నువ్వు ముందే కలిపేశావా?" నువ్వు కలపలేదు కదా అని నేను వాణ్ణి అడిగాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని బీరువా దగ్గరికి పరుగెత్తాము. పంచెల మధ్య సీసా, మూత మీద సీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

భోజనాల దగ్గర అత్తయ్యగారు నా కంచంలో చారు పోస్తూ అన్నారు: "ఫ్రిజ్‌లో టమాటా రసం ఎవరు తీసి పెట్టారు బాబూ? పైన నీళ్లు, కింద పిప్పి, రెండుగా విడిపోయింది. పచ్చి కాయ నలిపితే అంతే. ముందు ఉడకనిచ్చి తరువాత నలపాలి. పారబోయడం ఎందుకని కాచేశాను. వాము ఎందుకు వేశారు, కడుపులో బాగాలేదా?" కాస్త ఆగి ఇంకో మాట అన్నారు. "ఆ జగ్గులో అంతకుముందు నెత్తళ్లు గానీ పెట్టారా? ఎక్కడో ఆ వాసన తగిలింది."

చారు బాగుంది. ఆ మాట ఒప్పుకోక తప్పదు. బావమరిది మూడుసార్లు పోయించుకున్నాడు.

సాయంత్రం కూర్చుని ఆ సాసు సీసా మీది చిన్న అక్షరాలు చదివాను. వెనిగర్, బెల్లపు పాకం, చక్కెర, ఉప్పు, ఆంకోవీలు, చింతపండు, ఉల్లి, వెల్లుల్లి. ఆంకోవీ అంటే మరేమీ కాదు, మన నెత్తళ్లే! ఇంగ్లండులో 1837 నుంచి అమ్ముతున్న ఈ సాసు తీరా చూస్తే నెత్తళ్ల చింతపండు పులుసు. మన హార్బరులో గంపల్లో అమ్మే చేపను, మన చెట్టు కాయను చిన్న సీసాలో పోసి మనకే అమ్ముతున్నారు, మనం బారులు తీరి కొంటున్నాము. శాకాహారులు మాత్రం సీసా వెనుక చదవకుండా కొనకండి. అన్ని సీసాల్లోనూ కాకపోయినా అసలు రకంలో చేప ఉంటుంది.

అప్పటి నుంచి మిగతావి కూడా పట్టి పట్టి చూశాను. టబాస్కో అనేది పండుమిర్చిని ఉప్పుతో కలిపి పీపాల్లో ఊరబెట్టి, వెనిగర్ చేర్చి తీసిన రసం. 1868 నుంచి అమెరికాలోని లూసియానాలో చేస్తున్నారు. మన ఇంట్లో జాడీలో ఊరే పండుమిర్చి పచ్చడి దానికి పెద్దక్క. ఇక హార్స్‌రాడిష్ అని వాళ్లు తురిమి వేసే దుంప ఉంది. అది ముక్కుకెక్కే ఘాటుకు కారణం అలైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థం. ఆవాల ఘాటు కూడా అదే. ఆవ పెట్టిన కూర తిని కళ్లలో నీళ్లు తెచ్చుకున్న జాతికి ఆ దుంపతో పని ఏమిటి? సెలెరీ, వాము, జీలకర్ర, ధనియాలు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. వాము ఘాటు ఎక్కువ కాబట్టి చిటికెడులో సగం వేస్తే చాలు. గ్లాసులో నిలబెట్టే సెలెరీ కాడ సంగతి ఎత్తకండి. ఇక్కడ దొరికేది ఎప్పుడు చూసినా తలవాల్చే ఉంటుంది. పొడవుగా కోసిన కీరా ముక్క హాయి.

బ్లడీ మేరీని ఎవరు కనిపెట్టారనే తగవు ఒకటి ఉంది. అమెరికా హాస్యనటుడు జార్జ్ జెస్సెల్ తానే అన్నాడు. పారిస్‌లోని హ్యారీస్ న్యూయార్క్ బార్‌లో పనిచేసి, 1934లో న్యూయార్క్ సెయింట్ రీజిస్ హోటల్‌కు చేరిన ఫెర్నాండ్ పెటియో తానే అన్నాడు. పెటియో వాదన ఏమిటంటే, జెస్సెల్ చేసింది వోడ్కా, టమాటా రసం కలపడమే; ఉప్పు, మిరియాలు, కారం, నిమ్మరసం, సాసు చేర్చింది తాను. అంటే టమాటా నీళ్లను చారు చేసింది పెటియో అన్నమాట. పోపు ఒక్కటే మరిచాడు. అతనికి ఏ ఓడ కళాసీయో మన చారు రుచి చూపించి ఉంటాడని నా గట్టి నమ్మకం. ఆధారాలు అడగకండి.

సరే, చేసే పద్ధతికి వస్తాను. మీరు సాసుల గురించి అడిగారు కానీ అసలు కిటుకు టమాటా రసంలో ఉంది. పచ్చి పండును నలిపిన క్షణం నుంచి దానిలోని ఎంజైములు చిక్కదనానికి మూలమైన పెక్టిన్‌ను విరగ్గొడతాయి. అందుకే నీళ్లు, పిప్పి విడిపోతాయి. నలపక ముందే వేడి చేస్తే ఆ ఎంజైములు పనిచేయవు, రసం చిక్కగా నిలుస్తుంది. అత్తయ్యగారు ఒక్క ముక్కలో చెప్పింది ఇదే. కాబట్టి బాగా పండిన కాయలను కోయకుండా మరిగే నీళ్లలో వేసి, తొక్క చిట్లి లోపల మెత్తబడేదాకా ఉంచి, వేడి వేడిగానే నలిపి వడగట్టండి. నాటు టమాటా దొరికితే అదే తీసుకోండి. లారీల్లో నాలుగు రోజులు ప్రయాణం చేసినా చెక్కుచెదరని ఈ గట్టి కాయలకు తొక్కే తప్ప పులుపు ఎక్కడుంది? రసంలో ఉప్పు, మిరియాల పొడి, వాము కలిపి కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పూర్తిగా చల్లబడకపోతే ఐసు వేయగానే కరిగి నీళ్ల చారు అవుతుంది.

సాసు బదులు నేను కాచేది చెబుతాను. తల తీసి వేయించిన ఎండు నెత్తళ్లు నాలుగు, ఉసిరికాయంత చింతపండు, గోలీ అంత బెల్లం, ఒక వెల్లుల్లి రెబ్బ, అర కప్పు వెనిగర్, కాసిన్ని నీళ్లు. సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచి గుడ్డలో వడగట్టాలి. కిటికీలు తెరిచి కాచండి. ఈ ఒక్క విషయంలో సీసా నయమని మా ఆవిడ అభిప్రాయం. అది కూడా రాయమంది, రాశాను.

ఆవపిండి అర చెంచా తీసుకుని చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు వదిలేయండి. వేడి నీళ్లు పోశారంటే ఘాటు పుట్టకముందే చస్తుంది. పండుమిర్చి పచ్చడిలో పోపు పెట్టని దాని ఊట మాత్రమే తీసుకోవాలి, లేకపోతే నూనె పైకి తేలి గ్లాసు మాగాయ జాడీలా కనిపిస్తుంది.

ఒక గ్లాసుకు 45 మిల్లీలీటర్ల వోడ్కా, 90 మిల్లీలీటర్ల టమాటా రసం, 15 మిల్లీలీటర్ల నిమ్మరసం. అంతర్జాతీయంగా చెప్పే లెక్క ఇదే. పైన కాచిన పులుసు అర చెంచా, ఊట నాలుగు చుక్కలు, ఆవ పావు చెంచా. ఇప్పుడు కలపడం. మజ్జిగ సీసాను కుదిపినట్లు కుదపకండి. నురగ లేచి రసం పలచబడుతుంది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఐసుతో సహా నెమ్మదిగా నాలుగైదుసార్లు తిరగబోయండి. కాఫీ తిరగబోసినట్లే కానీ, ఎత్తు నుంచి కాదు. చేపలు పెట్టే ఫ్రీజర్ అయితే ఐసు ట్రేకు మూత ఉండాలి. మా బావమరిది ఒకసారి తాగి, ఇందులో వంజరం ఎందుకు వేశావు అని అడిగాడు.

రాత్రి తాగి, తెల్లారి ఇది తాగితే తలభారం దిగుతుందనే మాట నమ్మకండి. అప్పు తీర్చడానికి అప్పు చేయడం లాంటిది అది.

ఈ సంక్రాంతికి మళ్లీ వాడు వచ్చాడు. రైతుబజారు సంచీ గట్టు మీద పెట్టి వచ్చాను. గంట తరువాత మంచినీళ్లకు వంటింట్లోకి వెళితే పొయ్యి మీద చారు మరుగుతోంది, ఫ్రిజ్ పై అరలో గాజు జగ్గు నిండా ఎర్రటి చిక్కటి రసం మూతపెట్టి ఉంది. అత్తయ్యగారు కరివేపాకు దూస్తూ తల ఎత్తకుండానే అన్నారు: "దానికి పోపు పెట్టలేదు. ఆవ కూడా నేనే నూరి పక్కన ఉంచాను బాబూ, మీరు నూరితే చేదెక్కుతోంది."