మీ ప్రశ్న – మా జవాబు: వెలుగు వేస్తే వినిపించే శబ్దం

ప్రశ్న: ఫోటోఅకౌస్టిక్ ఇమేజింగ్ (వెలుగు పడితే పుట్టే శబ్దంతో లోపలి బొమ్మ తీసే పద్ధతి) మీద ప్రాజెక్టు చేస్తున్నాం. అగర్ దిమ్మలో పెన్సిల్ లెడ్ పాతి, నీళ్లతొట్టిలో పెట్టి, 532 నానోమీటర్ల పల్స్ లేజర్ కొడుతున్నాం. సిగ్నళ్లను తెరమీద చూపే ఆసిలోస్కోప్‌లో సున్నా దగ్గర ఒకటి, 20 మైక్రోసెకన్ల దగ్గర చిన్నది, 40 దగ్గర పెద్దది, మొత్తం మూడు సిగ్నళ్లు వస్తున్నాయి. లెడ్‌ది ఏది?
– బయోమెడికల్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ చిన్నదే. లెడ్ వెలుగును పీల్చుకుని, రవ్వంత వేడెక్కి, ఉబ్బి శబ్దం పుట్టిస్తుంది. వెలుగు వెళ్లడానికి పట్టే సమయం లెక్కలోకి రాదు. శబ్దం తిరిగొచ్చే దారి ఒక్కటే లెక్క. నీళ్లలో దాని వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు కాబట్టి 20 మైక్రోసెకన్లంటే 3 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి చూసుకోండి.

మిగతా రెండూ చెదిరిన వెలుగు చేసిన పని. అది శబ్దాన్ని అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీదే పడి శబ్దం పుట్టిస్తోంది. సున్నా దగ్గరిది అదే. ఆ శబ్దం లెడ్‌కు తగిలి ప్రతిధ్వనిగా వచ్చేసరికి 40 అవుతోంది. అనుమానముంటే లెడ్‌ను ఇంకో సెంటీమీటరు దూరం జరపండి. అసలుది సుమారు 6.7 మైక్రోసెకన్లు జరిగితే, ప్రతిధ్వని దానికి రెట్టింపు జరుగుతుంది.

ఆ రెండూ పోవాలంటే లేజర్‌ను పక్కనుంచి కొట్టండి. అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి పల్చటి అల్యూమినియం రేకు జెల్‌తో అంటించండి. మధ్యలో ఒక్క గాలిబుడగ మిగిలినా శబ్దం అక్కడే ఆగిపోతుంది. దిమ్మకైతే నీళ్లు మరిగించి చల్లార్చి, 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల అగర్ కలిపి మళ్లీ కాచి, నురగ తీసేసి పోయండి. ఆసిలోస్కోప్‌కు కొలత మొదలుపెట్టమని చెప్పే ట్రిగ్గర్‌ను లేజర్ లోపలి ఫ్లాష్‌ల్యాంప్ నుంచి కాక, వెలుగును పసిగట్టే ఫోటోడయోడ్ నుంచి తీసుకోండి, లేకుంటే సిగ్నల్ తెరమీద నిలవదు. 532 అని రాసున్న కళ్లద్దాలు లేకుండా మాత్రం లేజర్ వెయ్యనే వద్దు.

ప్రశ్న: ఈ స్కాన్‌ను మామోగ్రామ్ బదులు చేయించుకోవచ్చా? నల్లటి చర్మానికి ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బదులు పనికిరాదమ్మా. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఇమాజియో యంత్రం కూడా అనుమానం వచ్చిన గడ్డను అల్ట్రాసౌండ్‌తో కలిపి పరిశీలించడానికే. 757, 1064 నానోమీటర్ల వెలుగులు వేసి, గడ్డ చుట్టూ రక్తనాళాలనూ ఆ రక్తంలో ఆక్సిజన్‌నూ అంచనా వేస్తుంది. గడ్డ చేతికి తగిలితే దీనికోసం ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువుంటే వెలుగు పైనే ఎక్కువ ఇంకి, అక్కడి శబ్దం బలంగా వచ్చి లోపలి బొమ్మను మసకపరుస్తుంది. పచ్చబొట్టుతోనూ అదే చిక్కు. స్కాన్‌కు ముందే టెక్నీషియన్‌కు చూపించండి.