లై డిటెక్టర్ పరీక్షకు ఒప్పుకోవాలా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద మేత లెక్కలు చూసే మీ తమ్ముణ్ణి, బస్తాలు తగ్గాయని యజమాని ప్రైవేటు లై డిటెక్టర్ పరీక్షకు రమ్మంటున్నాడని రాశారు. నేనైతే వద్దనే అంటానండి.

ఆ మిషను అబద్ధాన్ని పట్టదు. ఊపిరి, గుండె వేగం, బీపీ, చర్మం మీద చెమట, ఇంతే కొలుస్తుంది. దొంగ అన్నందుకు కోపం వచ్చినా, ఉద్యోగం పోతుందని టెన్షన్ పడినా అవే మారతాయి. అబద్ధానికే ప్రత్యేకమైన గుర్తు శరీరంలో ఏదీ లేదు మరి! మీవాడు అసలే భయస్తుడన్నారు. గుండె నిబ్బరం ఉన్న దొంగ గట్టెక్కి, ఇతను ఇరుక్కోవచ్చు. 2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి కూడా ఉద్యోగులను వడపోయడానికి దీని కచ్చితత్వం చాలదని తేల్చింది.

చట్టం సంగతి: 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఈ పరీక్ష ఎవరికీ బలవంతంగా చేయకూడదంది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లదు. పోలీసులకే ఆ మనిషి అనుమతి తప్పనప్పుడు చెరువు యజమాని ఎంత?

ఆరోపణ రాతపూర్వకంగా ఇమ్మనండి. మేత బిల్లులు, చెరువు వారీ మేత రిజిస్టరు, షెడ్డులో మిగిలిన బస్తాలు ఎదురెదురుగా సరిచూడమనండి. ఈలోగా ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టనివ్వకండి.