సాలిడ్ స్టేట్ బ్యాటరీ వచ్చేదాకా స్కూటర్ కొనకుండా ఆగొచ్చా?

ఆగొద్దండీ. మీరడిగినదానికి జవాబు అయిపోయింది. కానీ ఇక్కడ ఎవరో "సిరామిక్ బ్యాటరీ వచ్చే ఏడాదే, పేలదు, అరగదు" అని తేల్చేశారు. అది చదివాక ఊరుకోలేకపోయాను. మామూలు బ్యాటరీలో లిథియం అయాన్లు ద్రవం లోంచి నడుస్తాయి, సాలిడ్ స్టేట్‌లో సిరామిక్ లాంటి గట్టి పదార్థం లోంచి నడవాలి.

కావలి దగ్గర ఒక ల్యాబ్‌లో ఆ సిరామిక్ బిళ్ళలతోనే నా పీహెచ్‌డీ గడిచింది. లిథియం, లాంథనం, జిర్కోనియం, ఆక్సిజన్ కలిసిన ఆ సిరామిక్‌ని ఎల్ఎల్‌జెడ్‌ఓ అంటారు. 2007లో జర్మనీలో వెప్నర్ అనే శాస్త్రవేత్తతో కలిసి దీన్ని బయటపెట్టింది మురుగన్, తంగదురై. పేర్లు చూస్తేనే తెలుస్తోందిగా ఎటువైపు వాళ్ళో! పొడిని బిళ్ళగా నొక్కి 1000 డిగ్రీలకు పైన కాల్చాలి. మధ్యలో కరెంటు పోయిందా, పొద్దున ఫర్నేస్ తీస్తే ముక్కలే. బాగా వచ్చిన బిళ్ళని బయట పెడితే మన సముద్రపు గాలికి పైన కార్బొనేట్ పొర కడుతుంది, ఇక లిథియం దానికి సరిగా అతకదు.

ఒకసారి పగిలిన బిళ్ళలు కవర్లో వేసుకుని చీమకుర్తిలో అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ గ్రానైట్ ఫ్యాక్టరీలో చేస్తాడు. ముక్కని గోటితో గీకి చూసి, "ఇంతోటి దానికి ఏడుపెందుకు బామ్మర్దీ, మేము పలక వెనకాల నెట్ పరిచి రెజిన్ పూస్తాం, లారీలో ఎగిరినా పగలదు" అన్నాడు. నవ్వకండి, ప్రపంచమంతా చేస్తున్నది ఇంచుమించు అదే: సిరామిక్ పొడిని పాలిమర్‌లో కలిపి పల్చటి పొర తీయడం. కాకపోతే బావ రెజిన్ పలకని పట్టుకుంటే చాలు, మా పాలిమర్ లోంచి లిథియం అయాన్లు కూడా నడవాలి. పీఈఓ అనే పాలిమర్‌లో అవి 60 డిగ్రీలు దాటితేగానీ హుషారుగా కదలవు. పారిస్‌లో 2011 నుంచి అద్దెకు తిప్పిన ఆటోలిబ్ ఎలక్ట్రిక్ కార్లలో ఇలాంటి పాలిమర్ బ్యాటరీయే, దాన్ని వేడిగా ఉంచుతూ ఉండాల్సి వచ్చేది. మే నెల ఒంగోలు కూడా దానికి చలే!

కలిపితే కష్టాలు తీరాయా? పొడి తక్కువైతే అయాన్లు సిరామిక్‌ని వదిలేసి పాలిమర్ లోంచే పోతాయి. ఎక్కువైతే పొర మళ్ళీ పెళుసు. మేము పోసిన పొరల్లో పొడి అడుక్కి దిగిపోయి, ఒక వైపు సుద్దలా, ఇంకో వైపు ప్లాస్టిక్‌లా వచ్చేవి.

అయినా నా మాట రాసిపెట్టుకోండి, లిథియం మెటల్‌ని దారికి తెచ్చేది ఈ మిశ్రమమే. ఇప్పటి బ్యాటరీల్లో ఒక ధ్రువంగా వాడే గ్రాఫైట్ గ్రాముకి 372 మిల్లీ ఆంపియర్ గంటల ఛార్జ్ పట్టుకుంటే, దాని స్థానంలో పెట్టాలనుకునే లిథియం మెటల్ 3860. ఆ ఆశ ఎవరూ వదులుకోరు. సిరామిక్ ఒక్కటే చాలనేవాళ్ళు, ఛార్జ్ చేసేటప్పుడు పెరిగే లిథియం సూదులు దాని రేణువుల సందుల్లోంచి కూడా దూరతాయని చెప్పరేం?

ఇక షోరూముల గోల. లోపల జెల్లో, ద్రవమో ఉన్నదాన్ని కూడా సాలిడ్ స్టేట్ అని అంటగడుతున్నారు. లోపల ద్రవం ఎంత శాతం అని అడగండి, సేల్స్ కుర్రాడు మేనేజర్ కోసం వెతుక్కుంటాడు. మన ఎండలకి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఉన్నది చూసి ఇప్పుడే తీసుకోండి, బండి మాత్రం నీడన పెట్టండి.