'డిడ్ యూ వెంట్' ఎందుకు తప్పు?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మామూలు వాక్యాలు ఇంగ్లిష్‌లో బాగానే రాస్తాను. ప్రశ్న అడగాల్సి వస్తేనే తడబాటు. 'వేర్ యూ ఆర్ గోయింగ్', 'డిడ్ యూ వెంట్' అనేస్తున్నాను. వాక్యాల రకాలు నాలుగూ (మామూలు వాక్యం, ప్రశ్న, ఆజ్ఞార్థకం, ఆశ్చర్యార్థకం) బట్టీ పట్టినా ఇలా ఎందుకవుతోంది?
– ఒక పాఠకురాలు, గుత్తి, అనంతపురం జిల్లా

జవాబు: రకాల పేర్లు రావడం వేరు, మాటల వరుస పట్టుబడటం వేరు. మనం 'యాడికి పోతాండావు?' అంటాం, లేదా క్రియకు దీర్ఘం తీసి 'గుంతకల్లుకు పోతాండావా?' అంటాం. మాటలు ఉన్నచోటనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో అలాంటి దీర్ఘం లేదు, సహాయక క్రియే కర్తను దాటి ముందుకు రావాలి. 'యూ ఆర్ గోయింగ్' కాస్తా 'ఆర్ యూ గోయింగ్?' అవుతుంది. ముందు 'వేర్' చేరినా అంతే: 'వేర్ ఆర్ యూ గోయింగ్?' ఈజ్, ఆర్, వాజ్ ఒంటరిగా ఉన్నా ఇలాగే జరుగుతాయి.

చిక్కల్లా 'హీ సెల్స్ ఆనియన్స్' లాంటి వాటితోనే. ముందుకు జరపడానికి అక్కడ ఏమీ లేదు కాబట్టి 'డు'ను అరువు తెచ్చుకోవాలి. అది ఊరికే రాదు. అసలు క్రియకున్న కాలాన్నీ, చివరి 'ఎస్'నూ లాగేసుకుంటుంది: 'డజ్ హీ సెల్ ఆనియన్స్?' అలాగే 'యూ వెంట్'లోని భూతకాలమంతా 'డిడ్'లోకి పోతే మిగిలేది 'గో'. 'డిడ్ యూ వెంట్' అంటే భూతకాలాన్ని రెండుసార్లు చెప్పినట్టు.

'హూ' తానే కర్తయితే మాత్రం 'డిడ్' అక్కర్లేదు. ఎవరొచ్చారు? 'హూ కేమ్?' ఎవర్ని చూశావు? 'హూ డిడ్ యూ సీ?'

ఇదంతా వచ్చినవాళ్లు కూడా బోల్తాపడే చోటు ఇంకొకటుంది. టికెట్ కౌంటర్ దగ్గర 'వెన్ డజ్ ద ట్రైన్ లీవ్?' సరైన ప్రశ్నే. దానికి ముందు 'కెన్ యూ టెల్ మీ' తగిలించారా, మిగతాది 'వెన్ ద ట్రైన్ లీవ్స్' అయిపోవాలి. ప్రశ్న పని 'కెన్' చేసేసింది కాబట్టి 'డజ్' వెళ్లిపోయి, 'ఎస్' తన పాతచోటికి వచ్చేసింది.

ఆశ్చర్యార్థకంలోనూ వరుస మారదు. మీ ఊరి కోటను చూసి 'వాట్ ఎ బిగ్ ఫోర్ట్ ఇట్ ఈజ్!' అనాలే కానీ చివర 'ఈజ్ ఇట్' అనకూడదు. ఇక ఆజ్ఞార్థకం. 'కమ్ హియర్'కు రా, రండి తేడా లేదు. పెద్దవాళ్లతో 'కుడ్ యూ కమ్ హియర్, ప్లీజ్?' అంటేనే మన 'రండి'కి సరితూగుతుంది.

రోజుకు ఐదు మామూలు వాక్యాలు రాయండి. ఒక్కోదాన్నీ ముందు 'వెన్'తోనో 'వేర్'తోనో ప్రశ్నగా మార్చి, తర్వాత అదే ప్రశ్నకు 'ఐ డోంట్ నో' తగిలించి రాయండి. 'కెన్ యూ టెల్ మీ' తర్వాతలాగే ఇక్కడా మాటలు మామూలు వరుసకు వచ్చేయాలి. డజ్, డిడ్ కనిపించిన ప్రతిచోటా గీత గీసి, అసలు క్రియ ఒట్టిగా ఉందో లేదో చూసుకోండి.