రాత్రి మూడింటికి లేపే పిల్లికి నిద్రమాత్ర వద్దు, రక్తపరీక్ష చేయించండి

ప్రశ్న: మా ఆడపిల్లికి పదమూడేళ్లు. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికి గట్టిగా అరిచి నన్ను లేపుతోంది. లేచి తిండి పెడితే తిని, మళ్లీ అరుస్తుంది. ఆకలి పెరిగింది గానీ చిక్కిపోయింది. గత వారం ఒళ్లు వెచ్చగా అనిపించి పారాసిటమాల్ పావు ముక్క వేశాను. రాత్రి పడుకోవడానికి ఏ మాత్ర, ఎంత వేయాలి?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ పారాసిటమాల్ సంగతి. దయచేసి ఇంకెప్పుడూ వేయకండి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు, పావు ముక్క కూడా క్షేమం కాదు. మీ పిల్లి తట్టుకున్నట్టుంది, సంతోషం. విరుగుడు ఉంది గానీ మొదటి కొన్ని గంటల్లోనే బాగా పనిచేస్తుంది. సాయంత్రం దాకా చూద్దామని ఆగితే ఆ సమయం దాటిపోతుంది. మనుషుల జ్వరం మాత్ర పిల్లికి వేయడం ఎంత ప్రమాదమో చదువుకున్న ఇళ్లలో కూడా తెలియడం లేదు, అదే నా బాధ.

నిద్రమాత్ర మోతాదు నేను చెప్పను. నన్ను కలవరపెడుతున్నది మీ నిద్ర కాదు, బాగా తింటూ చిక్కిపోతున్న పదమూడేళ్ల పిల్లి. పదేళ్లు దాటిన పిల్లుల్లో ఈ లక్షణాలకు తరచుగా కనిపించే కారణం థైరాయిడ్ హార్మోన్ ఎక్కువ కావడం. ఆకలి, అశాంతి, రాత్రి అరుపులు దానితో వస్తాయి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, అధిక రక్తపోటు కూడా చూడాలి. రక్తపోటు బాగా పెరిగితే ఉన్నట్టుండి చూపు పోవచ్చు. నీళ్లు ఎక్కువ తాగుతోందా, ఇసుక తొట్టిలో మూత్రపు ముద్దలు పెద్దవయ్యాయా గమనించండి. వయసుతో వచ్చే మతిమరుపు వల్ల కూడా రాత్రిళ్లు అరుస్తాయి. కానీ ఆ మాట ఇవన్నీ లేవని తేలాకే అనాలి. చూడకుండా ఏదీ నిర్ధారించలేను.

ఈ వారంలోనే పశువైద్యుడికి చూపించండి. బరువు, రక్తపోటు, టీ4 (థైరాయిడ్ హార్మోన్ పరీక్ష), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే పరీక్ష), చక్కెర, మూత్రపరీక్ష అడగండి. థైరాయిడ్ అని తేలినా ఇంట్లో పెద్దవాళ్లు వాడే థైరాయిడ్ మాత్ర వేయకండి. అది సాధారణంగా హార్మోన్ తక్కువైన వారికి ఇచ్చేది, మీ పిల్లి పరిస్థితి మరింత చెడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా వేకువకు ముందు లేస్తాయి, వాటి వేట వేళ అది. పడుకునే ముందు పావుగంట ఆడించి, తర్వాత ఆఖరి భోజనం పెట్టండి. అరిచిన వెంటనే లేచి తిండి పెడితే అరవడమే అలవాటవుతుంది. అయితే అరిచినా లేవకూడదన్న పట్టుదల పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాకే. జబ్బుతో అరిచే పిల్లిని పట్టించుకోకుండా వదిలేయకూడదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇప్పటివరకు వేసిన ప్రతి మందు పట్టీ వెంట తీసుకెళ్లండి. పారాసిటమాల్ సంగతి దాచకుండా, ఏ రోజు ఎంత వేశారో చెప్పండి. ఈలోగా చిగుళ్ల రంగు మారినా, తినడం మానేసినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే బయలుదేరండి.