‘పది రెట్లు తగ్గింది’ అనవచ్చా?

సందేహం: నేను నాగర్‌కర్నూలు జిల్లాలో ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్తున్న. ‘పీహెచ్ 9 నుంచి 8కి దిగితే హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢత పది రెట్లు తగ్గుతుంది’ అని ఒక పిల్ల రాసింది (పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ). లెక్క ఒప్పే గానీ వాక్యం నాకు నచ్చలేదు. రసాయన చర్యల్లో ‘ఈక్విలిబ్రియమ్’కు ‘సమతౌల్యత’, ‘సమతాస్థితి’లలో ఏది రాయాలో కూడా చెప్పండి.

సమాధానం: మీకు నచ్చకపోవడం సరైనదే. రెట్టించడమంటే ఉన్నదాని మీద మళ్లీ అంత వేయడం. అందుకే రెట్టింపు అంటే రెండింతలు. ‘రెట్టు’ పెరిగే వైపు చూసే మాట. ఒక గింజ ఒక రెట్టు తగ్గితే మిగిలేది సున్న, ఇక పది రెట్లు తగ్గడం ఎక్కడిది? తగ్గే లెక్కకు మన రైతుల మాట ఉండనే ఉంది: వంతు. పొలం పాలుకిచ్చినవాళ్లు ‘మూడో వంతు’ అంటారు, ‘మూడు రెట్లు తక్కువ’ అనరు. ఆ పిల్ల వాక్యాన్ని ‘పదో వంతుకు తగ్గుతుంది’ అని దిద్దండి. హైడ్రాక్సైడ్ తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పెరుగుతాయి; వాటి వైపు నుంచి చెప్పాలంటే ‘పదింతలవుతుంది’ అని రాయించండి. ‘పదింతలు పెరిగింది’ అంటే పదింతలైందా, ఉన్నదానికి పదింతలు కలిసిందా అని అనుమానం మిగులుతుంది.

ఇది వట్టి వ్యాకరణ పట్టుదల కాదు. 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ పెట్టిన పీహెచ్ కొలత సంవర్గమానం (లాగరిథమ్) మీద నిలిచింది. ఒక్క అంకె జరిగితే పదింతల తేడా, రెండంకెలు జరిగితే నూరింతలు. అందుకే ‘పీహెచ్ రెండు తగ్గింది, కాబట్టి ఆమ్లత్వం రెండింతలైంది’ అన్న పొరపాటు కూడా ఇక్కడే పుడుతుంది.

ప్రయోగశాలలో ఇంకో చిక్కుంది. 0.001 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పీహెచ్ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 11. దాన్ని ‘పదింతలు పలచన చేయి’ అంటే లీటరు ద్రావణం మొత్తం పది లీటర్లు కావాలి, అంటే పోయాల్సింది తొమ్మిది లీటర్ల నీళ్లు. అప్పుడు పీహెచ్ 10. ‘పదింతల నీళ్లు పోయి’ అంటే పదకొండు లీటర్లవుతుంది. ఒక్క విభక్తి తేడాకు పీహెచ్ దాదాపు 9.96కు దిగుతుంది. ప్రశ్నపత్రం రాసేవాళ్లు ఈ ‘పదింతలు’, ‘పదింతల’ దగ్గర ఒక్క క్షణం ఆగాలని నా విన్నపం.

ఇక రెండో మాట. తుల్యం నుంచి తౌల్యం వచ్చింది, అందులోనే భావార్థం ఉంది. దానికి మళ్లీ ‘త’ చేర్చి ‘తౌల్యత’ అనడం ‘సౌందర్యత’ అన్నట్టే. సమతౌల్యం ఒప్పు. పాఠ్యపుస్తకాల్లో వాడే సమతాస్థితి కూడా ఒప్పే, పరీక్షకు అదే రాయించండి. కాకపోతే అందులోని ‘స్థితి’ని చూసి పిల్లలు ‘చర్య ఆగిపోయింది’ అని రాస్తారు. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం అణువులు విడిపోతూనే ఉంటాయి, అయాన్లు కలుస్తూనే ఉంటాయి. అక్కడ రాయించాల్సిన వాక్యం: ‘రెండు దిక్కులా చర్యావేగాలు సమమయ్యాయి.’