ఉత్పత్తి వేరు, ఉత్పాదకత వేరు

రాయగడ.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పార్వతీపురం వైపు ఫ్యాక్టరీల వేతన ఒప్పందాలను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చే పని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఒడియా బడిలో చదువుకుని, తెలుగును ఇంట్లోనే నేర్చుకున్న పిల్లవు ఇంత పనికి పూనుకున్నందుకు గర్వపడ్డాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జీతం, భత్యం, ఇంక్రిమెంటు వంటి మాటలతో నీకు చిక్కులేదు. 'చెల్లించవచ్చు' అన్నదాన్ని 'చెల్లించవలెను' చేయకు. ప్రోత్సాహకం కనిపించిన ప్రతిచోటా బోనస్ అని రాయకు. బోనస్‌కు చట్టం ఉంది. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ 1965 నాటి చట్టం ప్రకారం అది ఏడాది జీతంలో 8.33 శాతానికి తగ్గకూడదు, 20 శాతానికి మించకూడదు. ప్రోత్సాహకానికి, అంటే ఇన్సెంటివ్‌కు, ఆ రక్షణ లేదు, ఒప్పందంలో రాసుకున్నదే దానికి దిక్కు.

ఆ రాసుకోవడంలోనే నేను తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, యూనియను వారు తెలుగులో రాసిచ్చిన ఒప్పందాన్ని ఇంగ్లీషులో టైపు చేసే పని నాకు అప్పగించారు. 'ఉత్పాదకత పెరిగిన మేరకు ప్రోత్సాహకం' అన్నచోట, ఉత్పత్తీ ఉత్పాదకతా ఒకటేననుకుని, ప్రొడక్షన్ అని కొట్టాను, రాయవలసినది ప్రొడక్టివిటీ. వంద మంది వెయ్యి టన్నులు తీస్తే మనిషికి పది టన్నులు; ఎనభై మందే తొమ్మిది వందల టన్నులు తీస్తే మనిషికి పదకొండుంబావు. ఉత్పత్తి తగ్గింది, ఉత్పాదకత పెరిగింది. మరుసటి ఏడు సరిగ్గా అలాగే జరిగింది: మనుషులు తగ్గారు, మరమ్మతుకని యంత్రం కొన్నాళ్లు ఆగింది, ఉన్నవారు ఒళ్లు హూనం చేసుకుని పనిచేశారు. యాజమాన్యం నా ఇంగ్లీషు ప్రతిని ముందు పెట్టి మొత్తం టన్నులు తగ్గాయని తేల్చింది. వేతన చీటీల్లో ప్రోత్సాహకం గడిలో చిన్న అడ్డగీత పడింది. ఆ గీతలు గీసినదీ నేనే. ఒక ముసలి కార్మికుడు చీటీని కిటికీలోంచి నా ముందుకు తోసి, "మేం తక్కువ పని చేశామా బాబూ?" అని అడిగాడు. నేను రిజిస్టరులోకి తల దించుకున్నాను. తప్పు నాదని ఆయనకు ఏనాడూ చెప్పలేదు, అమ్మాయీ. ఇంతవరకూ మీ అత్తకు కూడా చెప్పలేదు.

అందుకే చెబుతున్నాను, మాటకు మాట వెతికే ముందు లెక్క అడుగు: దేన్ని దేనితో భాగిస్తున్నారు, మనిషికా, షిఫ్టుకా, ఫ్యాక్టరీ మొత్తానికా? ఆ లెక్క దొరకకుండా 'పనితీరు' అన్న మాటను ముట్టుకోకు, ఎందుకంటే ఒకచోట అది ఒక్కడి పని, మరొకచోట సంస్థ లాభం. రెండు ప్రతులలో ఏది చెల్లుతుందో ఒప్పందం చివర రాయించు. రోజుకు ఇరవై పేజీలు ఇస్తానని మాట ఇచ్చావట; ఎవరినడిగి ఇచ్చావు? ఐదు చాలు, వారికి నేను చెబుతానులే.

మొదటి ఒప్పందం పూర్తికాగానే తెలుగు ప్రతినీ ఇంగ్లీషు ప్రతినీ కలిపి నాకు పంపు. కంటి ఆపరేషను అయింది కనుక చిన్న అక్షరాలు కూడా చదవగలుగుతున్నాను.

ఇట్లు,
మీ మావయ్య